పరగడుపున ఒకటి

మన విద్యార్థి సంఘం కార్యదర్శి, అతని వెంట సంచిక సంపాదకవర్గంలోని మరో కుర్రాడూ మొన్నొక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. "మేష్టారూ, మీరు ఈ కాలేజీలోనే చదువుకున్నారు, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మన వార్షిక సంచికకి ఏదైనా రాసివ్వాలి" అన్నారు. ఏం రాయమంటారోయ్ అంటే, "మీ రోజుల గురించి రాయండి సార్" అన్నారు. మా రోజుల గురించి రాయడం మొదలుపెడితే సంచిక మొత్తం నాకే సరిపోతుందని నవ్వేసి, లోపలికి కేకేశాను. మా ఆవిడ పకోడీలూ టీ తెచ్చింది. ఇద్దరూ సుబ్బరంగా తిన్నారు. తాగడం పూర్తయ్యాక కార్యదర్శి చొక్కా జేబులోంచి ఒక మందుల షీటు తీసి, ఒక గొట్టం బిళ్ళ నొక్కి, గ్లాసెడు నీళ్ళతో మింగాడు.

"ఏవిటి బాబూ అది?"

"ఏం లేదు సార్, గ్యాస్ బిళ్ళ."

"ఎవరిచ్చారు?"

"మందుల షాపులో అడిగితే ఇచ్చారు సార్."

"ఎన్నాళ్ళ నించి?"

అతను కాసేపు ఆలోచించి, "డిగ్రీ రెండో సంవత్సరం నించి సార్" అన్నాడు. ఇప్పుడతను ఎమ్మెస్సీ ఫైనలు. "ఇదేం పెద్ద మందు కాదు సార్, మా హాస్టల్లో సగం మంది జేబుల్లో ఉంటుంది" అని పైగా నాకే ధైర్యం చెప్పాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఏం రాయాలో నాకు తెలిసింది. ఆ గొట్టం బిళ్ళ గురించే రాస్తాను. నేను డాక్టర్ని కాను, కెమిస్ట్రీ మేష్టర్ని. కాని ఆ బిళ్ళతో నాకున్న పరిచయం అంతా ఇంతా కాదు. దానివల్ల బతికాను, దాన్ని సరిగ్గా వాడుకోక చావబోయాను కూడా.

నేను ఇక్కడ ఎమ్మెస్సీలో చేరింది 1982లో. మా హాస్టల్ మెస్సులో కారం ఎలా ఉండేదో ఆ రోజుల వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1983 డిసెంబర్లో నాకు కడుపునొప్పి మొదలైంది. అదేం వింతో, అన్నం తింటే తగ్గేది, ఆకలేస్తే వచ్చేది. పొద్దున్న పదకొండు గంటలకి ల్యాబులో బ్యూరెట్టు పట్టుకుని నిలబడితే రొమ్ము కింద ఎవరో స్క్రూ తిప్పుతున్నట్టుండేది. రాత్రి రెండింటికి ఆ నొప్పే నిద్ర లేపేది. మా రూమ్మేటు గ్లాసులో చెంచాడు తినేసోడా కలిపిచ్చేవాడు. బుస్సుమని ఒక తేన్పు వచ్చి, పావుగంట హాయిగా ఉండేది. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణమూ నీరూ వస్తాయి, సోడాతో అయితే కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. చదువుతున్న చదువు కడుపులో ప్రత్యక్షంగా కనిపిస్తోందని గర్వపడ్డాను కూడా!

పొట్టలో ఉండేది హైడ్రోక్లోరికామ్లమే అని విలియం ప్రౌట్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1824లోనే తేల్చాడు. 1910లో కార్ల్ ష్వార్జ్ "ఆమ్లం లేనిదే అల్సరు లేదు" అన్నాడు. ఆ మాట ఆ తరవాత డెబ్బై ఏళ్ళు వైద్యులకి వేదవాక్కు. మా మేనమామకి 1970ల్లో అల్సరు వస్తే, పొట్టకి ఆమ్లం తయారుచెయ్యమని కబురు తీసుకెళ్ళే నరాన్నే కోసేశారు. బొడ్డు పైదాకా పొడుగాటి కుట్లగీత ఉండేది. పండక్కి వచ్చినప్పుడల్లా చొక్కా ఎత్తి మాకు చూపించేవాడు.

నాకు ఆ అవస్థ తప్పింది. సర్ జేమ్స్ బ్లాక్ బృందం కనిపెట్టిన సిమెటిడిన్ 1976లో ఇంగ్లండులో బజారుకొచ్చింది. ఆయనకి 1988లో నోబెల్ ఇచ్చిన కారణాల్లో అదొకటి. నాకు బేరియం తాగించి ఎక్స్‌రే తీసి, చిన్నపేగు మొదట్లో పుండుందని చెప్పి, డాక్టరుగారు ఆ మందే రాశారు. 200 మిల్లీగ్రాముల బిళ్ళ మూడు పూటలా తిండితోపాటు ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు రెండు. మొత్తం రోజుకి ఒక గ్రాము, ఆరు వారాలు. పదిహేనో రోజుకి రాత్రి నిద్రపట్టింది. నా మొహాన ఆ నిద్ర చూసి మా రూమ్మేటు కూడా సంతోషించాడు. రాత్రి రెండింటికి సోడా కలిపే ఉద్యోగం పోయింది కదా.

మరుసటి చలికాలానికి నొప్పి మళ్ళీ వచ్చింది. ఆ తరవాత ఏడూ అంతే. సిమెటిడిన్ పోయి రానిటిడిన్ వచ్చింది. రాత్రి పూట ఒకే ఒక 300 మిల్లీగ్రాముల బిళ్ళ. (ఆ రానిటిడిన్‌లో నిలవుండేకొద్దీ హానికరమైన కల్మషం పెరుగుతోందని 2020లో అమెరికా దాన్ని బజారు నించి తీసెయ్యమంది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలోంచి 2022లో తొలగించారు.) వేసుకున్నన్నాళ్ళు మానుతుంది, మానేస్తే పుండు తిరిగొస్తుంది. నా పెళ్ళికి కూడా జేబులో షీటుతోనే పీటల మీద కూర్చున్నాను.

దీనికి అసలు కారణం ఆ సరికే బయటపడింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు, అల్సరు రోగుల పొట్టలో హెలికోబాక్టర్ అనే క్రిమి కాపురముంటోందని 1982లో దాన్ని పెంచి చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రవాన్ని తానే తాగి పొట్టవాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంటే నేను పధ్నాలుగేళ్ళు తిట్టిన మెస్సు కారానికి ఆ పాపంతో సంబంధం లేదన్నమాట. ఆనాటి మా మెస్సు వంటవాళ్ళకి ఈ సంచిక ముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. కూర రుచి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

ఆ సంగతి నా దాకా వచ్చేసరికి 1997 అయింది. ఎండోస్కోపీ చేసి, క్రిమి ఉందని చూసి, రెండు యాంటీబయాటిక్కులూ, వాటితో ఒమెప్రజోల్ 20 మిల్లీగ్రాముల గొట్టం బిళ్ళ రోజుకి రెండుసార్లూ, రెండు వారాలకి రాశారు. ఈ ఒమెప్రజోల్ 1988లో స్వీడన్‌లో మొదలైన మందు. ఆ క్రిమి మీద వాడే మందుల్లో టెట్రాసైక్లిన్ కూడా ఉంది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలోనే, 1948లో వెలువడింది. రెండు వారాల్లో పధ్నాలుగేళ్ళ పుండు పోయింది. ఇప్పటిదాకా ఆ పుండు తిరిగి రాలేదు.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళాలి. వెళ్ళనిచ్చింది కాదు నా తెలివి.

రెండు వారాలయ్యాక యాంటీబయాటిక్కులు ఆపాను. గొట్టం బిళ్ళ మాత్రం ఆపలేదు. ఆపమని డాక్టరుగారు చెప్పారో, చెప్పినా నేను వినలేదో ఇప్పుడు గుర్తులేదు. పధ్నాలుగేళ్ళ తరవాత దొరికిన సుఖాన్ని ఎవరు వదులుకుంటారు? ఒకటి రెండుసార్లు ఆపి చూశాను. నాలుగో రోజుకే ఛాతీలో మంట, పుల్లతేన్పులు. "చూశావా, జబ్బు లోపలే ఉంది" అని మా ఆవిడతో అని మళ్ళీ మొదలెట్టాను. అలా పద్ధెనిమిదేళ్ళు. అదీ ఎప్పుడు? పొద్దున్నే ఇడ్లీలు తిని, కాఫీ తాగి, బస్సుకి బయల్దేరబోతూ గుమ్మంలో.

2015లో మోకాళ్ళు పట్టేశాయి. ఎముకల డాక్టరుగారు డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు రోజుకి రెండు, పది రోజులకి రాశారు. ఆ పది రోజుల చీటీతో నేను ఏడాది పైన నడిచాను. నిలబడి పాఠం చెప్పాలి కదా మరి! ఇక 2016 మొదట్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఎసిడిటీ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో మూత్రపిండాల జబ్బు, మతిమరుపు ఎక్కువగా కనపడుతున్నాయట. భయపడి ఆ ఏప్రిల్లో గొట్టం బిళ్ళ ఒక్కసారిగా మానేశాను. రెండు వారాలు మండింది, మజ్జిగ తాగి ఓర్చుకున్నాను. తరవాత మంట తగ్గింది. డాక్టర్లకే పాఠం చెప్పినంత సంబరపడ్డాను. మోకాళ్ళ బిళ్ళ మాత్రం మానలేదు.

జూలైలో ఒక బుధవారం బీయెస్సీ పిల్లలకి ప్రాక్టికల్సు. ఆ పొద్దున విరేచనం తారులా నల్లగా అయింది. తిన్నదేదో పడలేదనుకున్నాను. పదకొండింటికి, సరిగ్గా పూర్వం నొప్పి వచ్చే వేళకే, ఒక అమ్మాయి "సార్, ఎండ్ పాయింట్ వచ్చిందా చూడండి" అని పిలిచింది. ఫ్లాస్కులో గులాబీరంగు చూశాను. ఆ రంగే కళ్ళనిండా కమ్మేసింది. తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. హిమోగ్లోబిన్ 6.2 అన్నారు. నన్ను ఆటోలో వేసుకెళ్ళింది మన కాలేజీ పిల్లలే. నలుగురు రక్తమిచ్చారు. వాళ్ళలో ఒకడు నా పేపర్లో రెండుసార్లు ఫెయిలైనవాడు. అంతకంటే ఏం రాయను!

పొట్టలోపల కొత్త పుండు. రక్తం కారుతున్న చోటుని గొట్టం ద్వారానే మూసి, పాంటోప్రజోల్ నరంలోకి ఎక్కించారు. మొదట ఒకేసారి 80 మిల్లీగ్రాములు, ఆపైన గంటకి 8 చొప్పున 72 గంటలు. లెక్కవేసుకుంటే 656 మిల్లీగ్రాములు, అంటే మామూలుగా పదహారు రోజుల మందు మూడు రోజుల్లో! అంతెందుకని అడిగాను. పొట్టలో ఆమ్లం ఉన్నంతసేపూ రక్తం గడ్డకట్టినా నిలవదట, పీహెచ్ 6 దాటించి పట్టి ఉంచాలట. ఖాళీ పొట్టలో పీహెచ్ ఒకటిన్నర, రెండూ ఉంటుంది. ఒక్కొక్క అంకెకీ ఆమ్లం పదో వంతవుతుందని ముప్ఫయ్యేళ్ళు బోర్డు మీద రాశాను గాని, ఆ అంకెల మీద ప్రాణం వేలాడుతుందని అప్పుడే తెలిసింది.

మూడో రోజు డాక్టరమ్మ తీరిగ్గా వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. వయసులో మా అమ్మాయంత ఉంటుంది. నా చరిత్రంతా విని, "మేష్టారూ, ఆ బిళ్ళ రోజూ ఏ వేళకి వేసుకునేవారు?" అంది.

"టిఫినయ్యాక అమ్మా."

ఆవిడ నవ్వి, పొట్ట గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోడే పంపులుంటాయని చెప్పింది. రాత్రంతా వాటిలో చాలా భాగం పడుకునుంటాయి. పొద్దున మొదటి ముద్ద పడగానే లేచి పనిచేస్తాయి. ఈ మందు పనిచేస్తున్న పంపుకే అతుక్కుంటుంది, నిద్రపోయే పంపుని ముట్టుకోదు. పైగా రక్తంలో దాని బతుకు గంటా రెండు గంటలే. "మగపెళ్ళివారు దిగే వేళకి మనం వీధి గుమ్మంలో ఉండాలి మేష్టారూ. భోజనాలయ్యాక చేరితే ఎవరికి మర్యాద?" అంది. అంచేత తిండికి అరగంట నించి గంట ముందు, పరగడుపున వేసుకోవాలి. అతుక్కున్న పంపు ఇక పనికిరాదు, పొట్ట కొత్తది తయారుచేసుకోవాలి. అందుకే గంటలో రక్తంలోంచి పోయే మందు రోజంతా పనిచేస్తుంది. కాని ఒక్క రోజులో అన్ని పంపులూ దొరకవు. పూర్తి గుణం కనపడడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పకోడీలు తిని మంటెక్కినప్పుడు ఒకటి మింగితే అప్పటికప్పుడు ఒరిగేదేమీ లేదు. ఆ పూటకి పాలలాంటి యాంటాసిడ్ మందే నయం. ఒకటి చాలకపోతే పొద్దున రెండు కలిపి మింగడం కంటే, రెండోది రాత్రి భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మేలు. అదయినా డాక్టరు చెబితేనే.

గొట్టం విప్పి నమలకూడదు కూడా. ఆమ్లాన్ని ఆపే ఈ మందు ఆమ్లంలో పడితే తానే పాడైపోతుంది. అందుకే దానికి పైపూత వేస్తారు. పొట్ట దాటి పేగులోకి వెళ్ళి, అక్కణ్ణించి రక్తంలోకి ఎక్కి, మళ్ళీ పొట్ట కణాలకి దొడ్డిగుమ్మం నించి వస్తుంది. ఈ రసాయనం తెలిశాక నాకెంత సిగ్గేసిందో చెప్పలేను. ఇండికేటరు ముందు వెయ్యకుండా టైట్రేషను మొదలుపెట్టిన పిల్లల్ని ఎంత తిట్టేవాణ్ణి! నేను పద్ధెనిమిదేళ్ళు టైట్రేషనంతా అయ్యాక ఇండికేటరు వేస్తున్నాను.

"అంటే వేళ తప్పబట్టి ఇలా అయిందా?" అన్నాను.

"కాదు. వేళ తప్పినా కొంత పనిచేసేది. మీకు క్రిమి పోయాక ఆ బిళ్ళతో పనిలేదు. అప్పుడు వేసుకున్నారు. అల్సరు వచ్చినవాళ్ళు ఈ నొప్పిబిళ్ళలు వేసుకుంటే పక్కన ఆ బిళ్ళ కాపలా ఉండితీరాలి. అప్పుడు మానేశారు. నొప్పిబిళ్ళ పుండు నొప్పిని కూడా తెలియనివ్వకపోవచ్చు."

పద్ధెనిమిదేళ్ళు అక్కర్లేకుండా మింగాను. అవసరమైన మూడు నెలలూ మానేశాను. నా జీవితంలో ఇంత కచ్చితంగా తలకిందులు చేసిన పని ఇంకోటి లేదు.

మరి ఆపినప్పుడల్లా మంట ఎందుకొచ్చిందని అడిగాను. పంపుల్ని చాలాకాలం నొక్కిపెడితే శరీరం ఆమ్లం కావాలని గట్టిగా ఉత్తర్వులు పంపుతుంటుందట. మందు ఒక్కసారి తీసేస్తే ఆ బలమంతా బయటపడుతుంది. 2009లో డెన్మార్కులో ఏ జబ్బూ లేని 120 మంది మీద పరీక్ష చేశారు. అందులో ఎనిమిది వారాలు ఈ జాతి మందు మింగి ఆపినవాళ్ళలో 44 శాతం మందికి మంట, తేన్పులు వచ్చాయి. ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్ళలో అది 15 శాతమే. అంటే నేను జబ్బనుకున్నది మందు వెనక్కి పోతూ చేసిన అల్లరి.

నాకు ఎనిమిది వారాలకి రాసిచ్చారు, ఆఖరి తారీఖు వేసి మరీ. నొప్పిబిళ్ళ మాన్పించారు. తరవాత రోజు విడిచి రోజు చేసి, మంటొస్తే యాంటాసిడ్ తాగుతూ మెల్లిగా మానేశాను. మూడు వారాలు కష్టపడ్డాను. మానేసిన రెండు వారాల తరవాతే క్రిమి కోసం ఊపిరి పరీక్ష చేశారు, మందు మీదుంటే ఆ పరీక్ష ఉన్న క్రిమిని లేదంటుందట. లేదనే తేలింది. ఇప్పుడు మోకాళ్ళకి వ్యాయామం, చేతికర్ర.

ఇది చదివి రేపే అందరూ బిళ్ళలు పారేస్తారేమోనని నాకు ఇంకో భయం. అలా చెయ్యకండి సుమా! నేను చేసింది అదే. నాకు సోడా కలిపిచ్చిన ఆ రూమ్మేటుకే గుండెలో స్టెంటు వేశారు. రక్తం పల్చబడే మందులు రెండు వాడుతున్నాడు. కడుపులో రక్తం కారకుండా అతనికి ఈ జాతి బిళ్ళ రోజూ ఉండాలి. అదీ ఒమెప్రజోల్ కాదు, పాంటోప్రజోల్ 40 ఇచ్చారు. క్లోపిడోగ్రెల్ అనే ఆ గుండెమందు లివరులో మారితేగాని పనిచెయ్యదు, ఒమెప్రజోల్ ఆ మార్పుకి అడ్డం వస్తుంది. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12, మెగ్నీషియం తగ్గడం, ఎముకలు విరగడం గమనించారు గనక డాక్టర్లు మధ్యమధ్య చూసుకోవాలి. అంతేగాని అవసరమైనవాడికి అది ప్రాణమిత్రుడు. అదే బిళ్ళ నాకు అక్కర్లేదు, అతనికి లేకపోతే కుదరదు. షీటు మీద 20 అనో 40 అనో రాసుంటుంది. ఆ అంకె ఒక్కటే మోతాదు అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది మోతాదులో పావు వంతే. ఎందుకు, ఎప్పుడు, ఎన్నాళ్ళు అనే మిగతా మూడు వంతులూ షీటు మీద ఉండవు, అడిగి తెలుసుకోవాలి.

నిన్న కార్యదర్శి వ్యాసం కోసం మళ్ళీ వచ్చాడు. ఇచ్చి అక్కడే చదవమన్నాను. చదివి కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సార్, నాకు కూడా పదకొండింటికే వస్తుంది నొప్పి. తింటే తగ్గుతుంది" అన్నాడు మెల్లిగా. రెండేళ్ళ పైన బిళ్ళ మింగుతున్న కుర్రాడు ఆ మాట ఇంతవరకూ ఏ డాక్టరుకీ చెప్పలేదు! మా ఆవిడ టీ తెస్తే వద్దని కూడా అనలేదు గాని, జేబు మాత్రం తడుముకోలేదు. సోమవారం పొద్దున్న నేనే తోడు వెళ్తున్నాను. ఆనాడు నన్ను ఆటోలో వేసుకెళ్ళిన పిల్లల బాకీ కొంతయినా తీరుతుంది.